సిలికాన్ మీద సూపర్‌కండక్టర్ పొరలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పొరలు పొరలుగా అమరిన సూపర్‌కండక్టర్లను (చల్లబరిస్తే కరెంటును రెసిస్టెన్స్ లేకుండా మోసే పదార్థాలను) సిలికాన్ వేఫర్ (పలుచటి పలక) మీద పెంచడం గురించి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం వైబీసీఓ చుట్టూనే తిరిగాయి. ఇట్రియం, బేరియం, కాపర్, ఆక్సిజన్ కలిసిన ఈ పదార్థం 92 కెల్విన్ దగ్గరే సూపర్‌కండక్టర్ అవుతుంది. 77 కెల్విన్ దగ్గర మరిగే ద్రవ నైట్రోజన్‌తోనే పని జరిగిపోతుంది కాబట్టి ఆ ఆసక్తి సహజం. నియోబియం సెలెనైడ్, ఐరన్ సెలెనైడ్, మెగ్నీషియం డైబోరైడ్ మీద వచ్చిన ప్రశ్నలకూ చివర్లో చోటిచ్చాం.

ప్రశ్న: సిలికాన్ స్ఫటికం కొలత (మళ్లీ మళ్లీ వచ్చే గడి పొడవు) 5.43 ఆంగ్‌స్ట్రామ్‌లు (ఆంగ్‌స్ట్రామ్ అంటే నానోమీటరులో పదో వంతు). 45 డిగ్రీలు తిప్పి చూస్తే అది 3.84 అవుతుంది. వైబీసీఓ కొలతలు 3.82, 3.89. ఇంత దగ్గరగా ఉన్నప్పుడు మధ్యలో ఇంకో పొర ఎందుకు? నేరుగా వేసేయకూడదా?

జవాబు: కాగితం మీద ఇంతకన్నా మంచి జోడీ దొరకదు. పొరలు పెంచే వాక్యూమ్ ఛాంబర్‌లో మాత్రం రెంటికీ పడదు. వైబీసీఓ పెరగాలంటే 750 డిగ్రీల సెల్సియస్ వేడి, దండిగా ఆక్సిజన్ కావాలి. ఆ రెండూ ఉన్నచోట సిలికాన్ ఉపరితలం క్షణాల్లో ఆక్సైడ్ అయిపోతుంది. ఆ ఆక్సైడ్ గాజులాంటిది, అందులో అణువులకు వరస ఉండదు. కింద వరస లేకపోతే పైన కూర్చునే అణువులు దేన్ని చూసి వరసలో నిలబడాలి?

అంతకంటే పెద్ద నష్టం రసాయన చర్య. బేరియం సిలికాన్‌తో కలిసి సిలికేట్లుగా మారిపోతుంది, సిలికాన్ పైకి పాకుతుంది. మిగిలేది నల్లటి పొరే తప్ప సూపర్‌కండక్టర్ కాదు. అందుకే మధ్యపొర తప్పదు. సిలికాన్ పైకి రాకుండా అది అడ్డుగోడగా నిలవాలి, స్ఫటికం వరసను కింది నుంచి పైకి అందించే పని కూడా అదే చేయాలి.

ప్రశ్న: జిర్కోనియా (జిర్కోనియం ఆక్సైడ్) మధ్యపొర వేస్తున్నాం. ఒకసారి బాగా వస్తోంది, మరోసారి ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్‌రేలతో స్ఫటికం వరసను చూసే పరీక్షలో) 30 డిగ్రీల దగ్గర అక్కర్లేని శిఖరం కనిపిస్తోంది. వేఫర్ శుభ్రం చేయడం దగ్గర్నుంచి మొత్తం పద్ధతి వివరంగా చెప్పగలరా?

జవాబు: 30.1 డిగ్రీల దగ్గర కనిపించేది జిర్కోనియా (111) శిఖరం. బ్రాకెట్లలోని అంకెలు స్ఫటికం తలాల దిశను చెబుతాయి. మీకు కావలసింది 35 డిగ్రీలకు కాస్త ఇవతల వచ్చే (002) ఒక్కటే. (111) కనిపించిందంటే మొదటి రెండు మూడు నానోమీటర్లలోనే వరస చెదిరిందని అర్థం. ఆ తర్వాత మీరెంత జాగ్రత్త పడినా అది సర్దుకోదు. కాబట్టి శ్రద్ధంతా మొదట్లోనే పెట్టాలి.

(100) దిశలో కోసిన వేఫర్ ముక్కను అసిటోన్‌లో, తర్వాత ఐసోప్రొపనాల్‌లో అల్ట్రాసోనిక్‌లో ఐదేసి నిమిషాలు కడగండి. దాని మీద సహజంగా ఉండే ఆక్సైడ్ 1 నుంచి 2 నానోమీటర్ల మందం ఉంటుంది. దాన్ని తీయడానికి 2 శాతం హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్‌లో ఒక నిమిషం ముంచితే చాలు. పని అయిందో లేదో కంటికే తెలుస్తుంది. ముంచకముందు ద్రవం ముక్క అంతటా పలుచగా పరుచుకుని ఉంటుంది. ఆక్సైడ్ పోయాక ముక్కను పైకెత్తితే తామరాకు మీది నీటిబొట్టులా జారిపోతుంది, ఉపరితలం పొడిగా బయటికొస్తుంది. ఒక మూలన తడి అంటుకుని ఉందంటే అక్కడ ఇంకా ఆక్సైడ్ ఉన్నట్టే.

ఈ ఆసిడ్ విషయంలో గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. గాజు బీకరు వాడకండి, గాజును అది తినేస్తుంది. టెఫ్లాన్ లేదా పాలీప్రొపిలీన్ పాత్రలే వాడండి. చర్మం మీద పడితే వెంటనే మంట తెలియకపోవచ్చు, గంటల తర్వాత లోపలి కణజాలం దెబ్బతింటుంది. కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందే దూరంలో లేకపోతే సీసా మూత తీయొద్దు. ఒంటరిగా ఈ పని చేయొద్దు.

ఆసిడ్ తర్వాత సిలికాన్ మీద హైడ్రోజన్ పొర మిగులుతుంది. అది కొద్ది నిమిషాల పాటు ఉపరితలాన్ని కాపాడుతుంది, ఆ వ్యవధిలోనే ముక్క ఛాంబర్‌లోకి వెళ్లిపోవాలి. వేడి 500 డిగ్రీలు దాటేసరికి హైడ్రోజన్ ఎగిరిపోతుంది, ఇక సిలికాన్‌కు రక్షణ ఉండదు. 10⁻⁶ మిల్లీబార్ వాక్యూమ్‌లో కూడా ఉపరితలం మీద ఒక పొర నిండడానికి చాలినన్ని అణువులు రెండు మూడు సెకన్లలోనే వచ్చి తగులుతాయి. అందుకని 500 దాటాక ఆగకుండా నేరుగా 780, 800 మధ్యకు వెళ్లి వెంటనే డిపోజిషన్ (పొర వేయడం) మొదలుపెట్టండి.

ఇప్పుడు అసలు కిటుకు. టార్గెట్‌ను (పొరకు కావలసిన పదార్థపు దిమ్మను) లేజర్‌తో కొట్టి ఆవిరి చేసే పద్ధతిలో 248 నానోమీటర్ల ఎక్సైమర్ లేజర్ వాడుతుంటే మొదటి 50 నుంచి 100 పల్స్‌లు ఆక్సిజన్ అస్సలు ఇవ్వకుండా కొట్టండి. ఆక్సిజన్ కొరతలో ఉన్న జిర్కోనియం, సిలికాన్ మీద మిగిలిన ఆక్సైడ్ నుంచి ఆక్సిజన్‌ను లాక్కుంటుంది. సిలికాన్ మోనాక్సైడ్ ఆవిరైపోతుంది. అంటే వచ్చే పొరే నేలను ఊడ్చుకుంటూ కూర్చుంటుందన్నమాట. అందుకే హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్ జోలికి పోకుండా సహజ ఆక్సైడ్‌ను అలాగే ఉంచి, ఈ ఊడ్పునే నమ్ముకునేవాళ్లూ ఉన్నారు. ఆ దారి కూడా పనిచేస్తుంది. ఆ తర్వాతే 5×10⁻⁴ మిల్లీబార్ దాకా ఆక్సిజన్ వదలండి. మీకు ఒకసారి కుదిరి ఒకసారి కుదరకపోవడానికి మొదట అనుమానించాల్సింది ఇక్కడే: ఆక్సిజన్ వాల్వ్ సరిగా మూసుకోవడం లేదా? కిందటి రన్‌లో ఛాంబర్ గోడలకు పట్టిన తేమ వేడికి బయటికొస్తోందా?

జిర్కోనియా 50 నానోమీటర్లు చాలు. ఇట్రియా (ఇట్రియం ఆక్సైడ్) పాళ్లు 8, 9 మోల్ శాతం ఉన్న టార్గెట్ వాడండి, స్ఫటికం క్యూబ్ ఆకారపు అమరికలో నిలకడగా ఉంటుంది. దాని మీద 10 నుంచి 20 నానోమీటర్ల సీరియం ఆక్సైడ్, ఆపైన వైబీసీఓ. ఆ సీరియం పొర ఎందుకో తర్వాతి జవాబుల్లో తెలుస్తుంది. సీరియం ఆక్సైడ్ కొలత 5.41 ఆంగ్‌స్ట్రామ్‌లు, సిలికాన్‌కు దాదాపు సమానం. ఆ లెక్క చూసి జిర్కోనియా మానేసి దాన్నే నేరుగా వేద్దామనిపిస్తుంది. వేయకండి. (100) సిలికాన్ మీద అది (110) దిశకు తిరిగి కూర్చుంటుంది.

చాలామందిని భయపెట్టే సంగతి మరొకటి. పని అంతా అయ్యాక ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో అడ్డకోత చూస్తే జిర్కోనియా కింద మళ్లీ కొన్ని నానోమీటర్ల ఆక్సైడ్ కనిపిస్తుంది. జిర్కోనియా తన గుండా ఆక్సిజన్‌ను పోనిచ్చే పదార్థం, వైబీసీఓ వేసేటప్పుడు ఆక్సిజన్ అలా కిందికి దిగుతుంది. అప్పటికే పై పొరకు వరస వచ్చేసింది కాబట్టి దీనివల్ల హాని లేదు.

ప్రశ్న: హీటర్ మీద థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) 780 చూపిస్తోంది, పొర మాత్రం తక్కువ వేడిలో పెరిగినట్టు ఉంది. సిలికాన్ ముక్కను క్లిప్పులతో బిగిస్తున్నాం.

జవాబు: క్లిప్పులే కారణం. తక్కువ డోపింగ్ (కలిపిన ఇతర మూలకాలు) ఉన్న సిలికాన్, సుమారు 600 డిగ్రీలు దాటేదాకా హీటర్ వెలువరించే ఇన్‌ఫ్రారెడ్‌లో చాలా భాగాన్ని తన గుండా పోనిస్తుంది. హీటర్‌కూ ముక్కకూ వంద డిగ్రీల తేడా ఉన్నా ఆశ్చర్యపోనక్కర్లేదు. వెనకవైపు సిల్వర్ పేస్టు పలుచగా పూసి అతికించండి. 100 నుంచి 150 డిగ్రీల దగ్గర అరగంట నిదానంగా ఆరనివ్వండి. తొందరపడితే లోపలి ద్రావకం బుడగలై ముక్కను లేపేస్తుంది. సిల్వర్, సిలికాన్ కలిసి 845 డిగ్రీల దగ్గర కరుగుతాయి కాబట్టి ఆ దరిదాపులకు పోవద్దు. బంగారం పేస్టు మాత్రం ఊహకు కూడా రానివ్వకండి. బంగారం, సిలికాన్ జోడీ 363 డిగ్రీలకే కరిగిపోతుంది.

ప్రశ్న: సీరియం ఆక్సైడ్ శిఖరం 33 డిగ్రీల దగ్గర సూదిలా వచ్చింది. పొర ఇంత బాగుందా అని సంతోషపడ్డాం. కానీ పొర వేయని ముక్కలోనూ అది కనిపిస్తోంది!

జవాబు: అది సిలికాన్‌దే. నియమం ప్రకారం సిలికాన్ (200) కనిపించకూడదు, కానీ స్ఫటికం లోపల కిరణం రెండుసార్లు వంగి అక్కడికి చేరుతుంది. దాని స్థానం 33.0, సీరియం ఆక్సైడ్ (200) స్థానం 33.1. వేఫర్‌ను దాని తలంలోనే కొద్ది డిగ్రీలు తిప్పి మళ్లీ కొలవండి. సిలికాన్ శిఖరం ఒక్కసారిగా మాయమవుతుంది, సీరియం ఆక్సైడ్‌ది కదలకుండా ఉంటుంది. పది, ఇరవై నానోమీటర్ల పొర శిఖరం ఎప్పుడూ వెడల్పుగానే ఉంటుంది. అంత పలుచని పొరకు సూదిలాంటి శిఖరం వస్తే ముందు అనుమానించండి.

ప్రశ్న: 200 నానోమీటర్ల వైబీసీఓ వేశాం. ఛాంబర్ నుంచి తీసినప్పుడు అద్దంలా ఉంది, మైక్రోస్కోప్‌లో చూస్తే అడ్డంగా నిలువుగా గీతలు. నిమిషానికి 2 డిగ్రీల చొప్పున చల్లార్చినా పగుళ్లు ఆగలేదు.

జవాబు: ఆగవు. పగులు వేగం వల్ల వచ్చింది కాదు, సంకోచంలో ఉన్న మొత్తం తేడా వల్ల వచ్చింది. లెక్క వేసి చూడండి. 10 మిల్లీమీటర్ల ముక్క 750 డిగ్రీల నుంచి గది ఉష్ణోగ్రతకు వచ్చేసరికి సిలికాన్ సుమారు 0.03 మిల్లీమీటర్లు కుంచించుకుంటుంది. అదే పొడవున్న వైబీసీఓ విడిగా ఉంటే దాదాపు 0.09 మిల్లీమీటర్లు కుంచించుకోవాలి. అర మిల్లీమీటరు మందమున్న వేఫర్‌ను పైపొర లాగలేదు కాబట్టి తానే సాగి ఉండాలి. ఆ సాగుడు 0.6 శాతం. సెరామిక్‌కు అది చాలా ఎక్కువ.

పొర ఎంత మందమైతే అందులో దాచుకున్న శక్తి అంత ఎక్కువ. ఒక హద్దు దాటాక పగలడమే దానికి మేలవుతుంది. జిర్కోనియా వేసిన సిలికాన్ మీద వైబీసీఓకు ఆ హద్దు సుమారు 50 నానోమీటర్లు. ఈ సంగతి 1990లోనే తేలింది. ఆ పలుచని, సాగిన పొరలు 86 నుంచి 88 కెల్విన్ మధ్య సూపర్‌కండక్టర్లయ్యాయి, 77 కెల్విన్ దగ్గర చదరపు సెంటీమీటరుకు 20 లక్షల ఆంపియర్లకు పైగా మోశాయి. కాబట్టి మీ 50 నానోమీటర్ల పొర 87 కెల్విన్ చూపిస్తే దిగులు పడకండి. సిలికాన్ మీద అది మంచి ఫలితమే.

మందమైన పొర కావాల్సిందే అంటే అడుగు మార్చాలి. నీలం రాయి (సఫైర్) మీద పెంచిన పలుచటి సిలికాన్ ఉన్న వేఫర్లు దొరుకుతాయి. అక్కడ కుంచించుకోవడాన్ని శాసించేది సిలికాన్ కాదు, నీలం. దాని సంకోచం వైబీసీఓకు ఇంకా దగ్గర. రెండో దారి, వేరే ఆక్సైడ్ స్ఫటికం మీద నీటిలో కరిగే స్ట్రాన్షియం అల్యూమినేట్ పొర వేసి, దానిపై పెంచి, కింది పొరను కరిగించి, తేలిన పొరను గది ఉష్ణోగ్రతలోనే సిలికాన్ మీదికి మార్చడం. వైబీసీఓకూ నీటికీ పడదు కాబట్టి పైనా కిందా రక్షణ పొరలు ఉంటేనే ఈ దారి పట్టండి. మా మాటైతే, 50 నానోమీటర్లతో పని జరిగే డివైస్‌కు 200 కోసం వెంపర్లాడొద్దు.

ప్రశ్న: 87 కెల్విన్ దగ్గరే రెసిస్టెన్స్ సున్నా అవుతోంది. కానీ మోసే కరెంటు ఆశించినదానిలో వందో వంతు కూడా లేదు.

జవాబు: రెసిస్టెన్స్ సున్నా కావడానికి ఒక్క తీగంత దారి దొరికినా చాలు. కరెంటు మోయడానికి మాత్రం పొర అంతా ఒకే స్ఫటికంలా ఉండాలి. పక్కపక్క రేణువుల మధ్య కోణం పెరిగేకొద్దీ వాటి హద్దు దాటే కరెంటు ఎంత దారుణంగా పడిపోతుందో ఐబీఎం పరిశోధకులు 1988లో చూపించారు. సుమారు 10 డిగ్రీలు దాటాక పతనం మరీ నిటారుగా ఉంటుంది.

జిర్కోనియా మీద నేరుగా వేసిన వైబీసీఓలో కొన్ని రేణువులు కింది వరసలోనే కూర్చుంటాయి, కొన్ని 45 డిగ్రీలు తిరిగి కూర్చుంటాయి. ఈ రెంటి మధ్య హద్దు దాదాపు గోడే. మామూలు ఎక్స్‌ఆర్‌డీ ఈ గుట్టు చెప్పదు, ఎందుకంటే రెండు రకాలూ నిలువునా ఒకే దిశలో ఉంటాయి. వైబీసీఓ (103) మీద ముక్కను 360 డిగ్రీలు తిప్పుతూ స్కాన్ చేయండి. నాలుగు శిఖరాలే రావాలి, అవి జిర్కోనియా (202) శిఖరాలకు సరిగ్గా 45 డిగ్రీల దూరంలో ఉండాలి. ఎనిమిది వచ్చాయంటే కలగాపులగం. మధ్యలో సీరియం ఆక్సైడ్ వేయమన్నది ఇందుకే. తిప్పి చూస్తే దాని కొలత 3.83, వైబీసీఓ ఇక ఇంకో వరస వెతుక్కోదు.

నాలుగే వచ్చి కూడా కరెంటు తక్కువగా ఉంటే ఆక్సిజన్ వైపు చూడండి. 0.3, 0.4 మిల్లీబార్ ఆక్సిజన్‌లో పొర వేయడం అయిపోగానే ఛాంబర్‌ను 500 మిల్లీబార్ దాకా ఆక్సిజన్‌తో నింపి, 450, 500 డిగ్రీల మధ్య కనీసం అరగంట ఆపాలి. ఆక్సిజన్ లోపలికి వెళ్లేది అప్పుడే. లోటుంటే స్ఫటికం నిలువు కొలత 11.68 ఆంగ్‌స్ట్రామ్‌ల కన్నా పెరుగుతుంది. సిలికాన్ మీద ఈ కొలతను గుడ్డిగా నమ్మొద్దు. అడ్డంగా సాగిన పొర నిలువుగా కాస్త కుదించుకుంటుంది కాబట్టి ఆక్సిజన్ లోటు ఆ చాటున దాక్కోగలదు.

పొర మీద గుండ్రటి గుళికలు కనిపిస్తే తప్పు టార్గెట్‌ది. ప్రతి రన్‌కు ముందు దాన్ని పొడి గరుకు కాగితంతో రుద్ది, షట్టర్ మూసి కొన్ని వందల పల్స్‌లు కొట్టాకే ముక్క వైపు తెరవండి. లేజర్ శక్తి చదరపు సెంటీమీటరుకు 1.5 నుంచి 2 జౌల్‌ల మధ్య ఉంచండి.

ప్రశ్న: ఆక్సైడ్ ఉన్న సిలికాన్ మీద సీవీడీతో (ఆవిరి నుంచి పొర పెంచే పద్ధతితో) నియోబియం సెలెనైడ్ పెంచుతున్నాం. పలకలు అందంగా వస్తున్నాయి, కొలిచేసరికి సూపర్‌కండక్టివిటీ లేదు. ఐరన్ సెలెనైడ్‌కు మారితే మేలా?

జవాబు: నియోబియం సెలెనైడ్ పొరల మధ్య ఉండేది బలహీనమైన పట్టు మాత్రమే. కింది స్ఫటికంతో కొలత కుదరాల్సిన పనిలేదు, వరస లేని ఆక్సైడ్ మీద కూడా పెరుగుతుంది. కాకపోతే ఏ పలక ఏ దిశకు తిరిగి ఉంటుందో చెప్పలేం. నియోబియం ఆక్సైడ్‌లో ఉప్పు కలపడం వల్ల తేలికగా ఆవిరయ్యే క్లోరైడ్లు పుట్టి పని సులువవుతుంది. ఆర్గాన్‌తో పాటు హైడ్రోజన్ కొద్దిగా ఉండి తీరాలి, లేకపోతే ఆక్సైడ్ పూర్తిగా మారదు. ఆ హైడ్రోజన్, సెలీనియం కలిసి పుట్టే హైడ్రోజన్ సెలెనైడ్ అతి విషపూరితం. బయటికొచ్చే వాయువును ఆల్కలీ ద్రావణం గుండా పంపకుండా, ఫ్యూమ్ హుడ్ లేకుండా ఈ పని తలపెట్టొద్దు.

పలకలు చచ్చిపోయేది పెరిగేటప్పుడు కాదు, బయటికి తీశాక. మందమైన స్ఫటికం 7.2 కెల్విన్ దగ్గర సూపర్‌కండక్టర్ అవుతుంది. ఒకే పొరైతే అది 3 కెల్విన్ దగ్గరికి దిగుతుంది, పైగా గాలిలో ఆక్సీకరణం చెందుతుంది. మీ క్రయోస్టాట్ (ముక్కను చల్లబరిచే పరికరం) 4 కెల్విన్ దగ్గర ఆగిపోతే ఒంటిపొర బాగున్నా మీకు కనిపించదు, ముందు ఆ సంగతి చూసుకోండి. పలకలను గ్లవ్‌బాక్స్‌లోకే (గాలి చొరని పెట్టెలోకే) దించి, బోరాన్ నైట్రైడ్ పలక కప్పి, ఆ తర్వాతే బయటికి తీయండి. మందం పలకల్లో 33 కెల్విన్ దగ్గర రెసిస్టెన్స్ గీత కాస్త వంగితే స్ఫటికం శుభ్రంగా ఉందని నమ్మవచ్చు.

ఐరన్ సెలెనైడ్‌కు మారితే చిక్కులు తగ్గవు. మందంగా ఉన్నప్పుడు అది 8 కెల్విన్. ఇనుము, సెలీనియం పాళ్లు ఒకటికి ఒకటి నుంచి ఒకటి రెండు శాతం తప్పినా ఆ 8 కూడా మిగలదు. సిలికాన్ మీద నేరుగా వేస్తే ఇనుము సిలిసైడ్ అవుతుంది. స్ట్రాన్షియం టైటనేట్ మీద ఒకే పొర వేస్తే ఎంతో ఎక్కువ ఉష్ణోగ్రతలో సూపర్‌కండక్టివిటీ సూచనలు కనిపిస్తాయని 2012లో చైనా పరిశోధకులు చూపించాక దానికంత పేరొచ్చింది. ఆ టైటనేట్‌ను సిలికాన్ మీద పెంచే దారి కూడా ఉంది. స్ట్రాన్షియంతో మొదలుపెట్టే ఆ పద్ధతిని అమెరికాలోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాలలో మెకీ, వాకర్, చిషోమ్ 1998లో ప్రచురించారు. కానీ దానికి అతి శుభ్రమైన వాక్యూమ్‌తో ఎంబీఈ (అణుకిరణాలతో పొరలు పేర్చే) యంత్రం ఉండాలి.

ప్రశ్న: మెగ్నీషియం డైబోరైడ్ 39 కెల్విన్ కదా, సిలికాన్ మీద ఎందుకు ఊడిపోతోంది?

జవాబు: మెగ్నీషియం సిలికాన్‌తో కలిసి మెగ్నీషియం సిలిసైడ్ అవుతుంది, పొర కింద నేలే మారిపోతుంది. సిలికాన్ మీద ముందు సిలికాన్ కార్బైడ్ పొర పెంచి, దాని మీద వేయండి.

ప్రశ్న: 50 నానోమీటర్ల వైబీసీఓ రెసిస్టెన్స్ లెక్కకన్నా చాలా తక్కువగా వస్తోంది. కాంటాక్టులు ఎలా పెట్టాలి, ముక్కలు ఎలా దాచాలి?

జవాబు: మీరు పొరతో పాటు వేఫర్‌ను కూడా కొలుస్తున్నారు. 50 నానోమీటర్ల పొర షీట్ రెసిస్టెన్స్ (చదరపు ముక్క అడ్డంగా చూపే రెసిస్టెన్స్) గది ఉష్ణోగ్రతలో 60 ఓమ్‌ల చుట్టూ ఉంటుంది. అర మిల్లీమీటరు మందం, 10 ఓమ్-సెంటీమీటర్ల రెసిస్టివిటీ ఉన్న సిలికాన్‌ది 200. మధ్యపొరలో సూదిమొన రంధ్రమున్నా, వైర్ బాండర్ మొన కిందికి దిగినా కరెంటులో దాదాపు నాలుగో వంతు దారి తప్పుతుంది. కాంటాక్టుకూ వేఫర్ వెనక భాగానికీ మధ్య మల్టీమీటర్ పెట్టి చూడండి. లీకు ఉంటే 5,000 ఓమ్-సెంటీమీటర్లు దాటిన వేఫర్లకు మారండి.

కాంటాక్టులకు 100 నుంచి 200 నానోమీటర్ల సిల్వర్ వేసి, ఆక్సిజన్‌లో 450 డిగ్రీల దగ్గర అరగంట ఉంచండి. లితోగ్రఫీలో (పొరను కావలసిన ఆకారంలో చెక్కే పనిలో) డెవలపర్ ద్రావణం, నీళ్లు రెండూ వైబీసీఓను కొరుకుతాయి. సెకన్లలో ముగించి, నైట్రోజన్ ఊది ఆరబెట్టండి. తేమ, కార్బన్ డయాక్సైడ్ తగిలితే బేరియం కార్బనేట్ తెల్లటి మచ్చలుగా తేలుతుంది, 50 నానోమీటర్ల పొరకు ఆ మచ్చ అడుగుదాకా దిగుతుంది. ముక్కలను కొత్త సిలికా జెల్ ఉన్న డెసికేటర్‌లో పెట్టండి. ద్రవ నైట్రోజన్‌లో ముంచిన ముక్కను బయటికి తీశాక గాలిలో అలాగే వదిలేస్తే దాని మీద మంచు పట్టి నీరవుతుంది కాబట్టి, గది ఉష్ణోగ్రతకు వచ్చేదాకా పొడి నైట్రోజన్ ప్రవాహంలోనే ఉంచండి.